ఊకలో నడిచిన ముగ్గురు

నేను మంచు చూడలేదు. ఆ సంగతి ముందే ఒప్పుకోవడం మంచిది. హిందూపురం చుట్టుపక్కల హైస్కూళ్ళలో ముప్పై నాలుగేళ్ళు డ్రాయింగు మాస్టరుగా పనిచేశాను. హిమాలయాలు గీయాల్సి వచ్చినప్పుడల్లా సుద్దముక్కను అడ్డంగా పట్టుకుని నల్లబల్ల మీద రుద్దేసి, ఇదే మంచు అనేవాణ్ణి. పిల్లలూ చూసినవాళ్ళు కారు కాబట్టి గొడవ లేకుండా గడిచిపోయింది.

మంచు మీద నాకు మోజు పుట్టించింది ఒక పాత క్యాలెండరు. అందులో డిసెంబరు పేజీ మీద జపాను ఆడవాళ్ళు గొడుగులు పట్టుకుని మంచులో నడుస్తున్న బొమ్మ ఉండేది. చెక్క మీద బొమ్మ చెక్కి, ఒక్కో రంగుకీ ఒక్కో చెక్క చేసుకుని, కాగితం మీద చేత్తో అద్దే పాతకాలపు పని అది. ఆ పేజీని చించి గోడకు అంటించుకుని ఇరవై ఏళ్ళు చూశాను. క్యాలెండరు వాళ్ళు వేసిన నకలే ఇంత బాగుంటే అసలుది ఎలా ఉంటుందో అని ఊరికే అనుకుంటూ ఉండేవాణ్ణి.

మాతో పాటు సైన్సు చెప్పిన రమణయ్యది అమృతలూరు వైపు. రిటైరయ్యాక ఒకసారి ఫోన్లో మాటల మధ్య, "మా పిన్నులు ముగ్గురు అక్కచెల్లెళ్ళు, వాళ్ళిళ్ళల్లో అట్లాంటి జపాను బొమ్మలున్నాయి సార్, తలా ఒకటి. తెనాల్లో ఒకటి, రేపల్లెలో ఒకటి, బాపట్లలో ఒకటి," అన్నాడు. ఈ మాట పదిహేనేళ్ళు పక్క గదిలో కూర్చుని పాఠాలు చెప్పినప్పుడు అనలేదు. నాకు కోపం వచ్చింది. కోపంలోనే టికెట్టు కొన్నాను.

"జపాను బొమ్మలు చూడ్డానికి తెనాలి పోతారా ఎవరన్నా?" అంది మా ఆవిడ. నేను పోయాను.

తెనాలి

డిసెంబరు నెల. రైలు దిగేసరికి ఏడైంది. స్టేషను బయట జనం మఫ్లర్లు, స్వెట్టర్లు, మంకీ క్యాపులతో ఉన్నారు. నాకు చొక్కా పైగుండీ పెట్టుకోవాలని కూడా అనిపించలేదు. "చలి చంపేస్తందండీ," అన్నాడు ఆటో అతను రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని. మా వైపు తెల్లారి నాలుగింటికి పొలం పోయే మనిషి ఈ చలిని చలి అనడు. కానీ పరాయి ఊళ్ళో దిగీ దిగగానే వాదం దేనికని ఊరుకున్నాను.

హోటల్లో పెసరట్టు నలభై రూపాయలు. అల్లం చట్నీ ఎంత అడిగితే అంత వేశారు. ఉగ్గాణి దొరుకుతుందా అని అడిగితే "అదేంటండీ?" అన్నారు. బొరుగులు నానబెట్టి తాలింపు వేస్తారని చెప్పాను. మరమరాలు తడిపేసి తింటారా అని సర్వరు జాలిగా చూసి, నేను అడక్కుండానే ఇంకో గరిటెడు చట్నీ వేశాడు.

ముగ్గురిలో పెద్దావిడ అన్నపూర్ణమ్మ గారికి డెబ్భై అయిదేళ్ళుంటాయి. కింద కొడుకు ఎలక్ట్రికల్ షాపు, పైన కాపురం. మెట్లెక్కి వెళ్ళగానే నా గొంతు వచ్చిన వైపు తల తిప్పి, "రమణయ్య చెప్పాడండీ. కూర్చోండి మాస్టారు, కాఫీ తాగండి. బొమ్మ ఎక్కడికీ పోదు," అన్నారు. నేను కాఫీ ఒక గుక్కలో తాగేశాను. నాలుక కాలింది.

బొమ్మ హాల్లో దేవుడి పటాల వరసలోనే ఉంది. అద్దం మీద, సరిగ్గా బొమ్మలోని ఆడమనిషి నుదుటి దగ్గర, కుంకుమ బొట్టు. శుక్రవారం శుక్రవారం పటాలన్నిటికీ పెట్టేటప్పుడు ఆవిడకీ పెడతారట. "ఆడపిల్ల కదండీ, మొహం బోసిగా ఎట్టా ఉంచుతాం?" అన్నారు అన్నపూర్ణమ్మ గారు.

నిలువుగా ఉన్న కాగితం. పైన ముదురు నీలం ఆకాశం, కిందికి వచ్చేకొద్దీ పలచబడింది. వంగపండు రంగు బట్టల్లో ఒకావిడ నిలబడి ఉంది. గొడుగు పట్టుకున్న చెయ్యి ఎడమవైపుకు చాచింది. ఆ గొడుగు సగం కాగితం మీద ఉంది, మిగతా సగం ఫ్రేము చెక్కలోకి వెళ్ళిపోయింది. అద్దానికి సరిపోయేలా బొమ్మల అంచులు కత్తిరించడం పటాలు కట్టేవాళ్ళకు అలవాటే కాబట్టి, ఎవడో ఇక్కడా కోసి పారేశాడని మనసులో తిట్టుకున్నాను. గొడుగు ఎరుపు ఎండకు వెలిసి గులాబీ రంగుకు వచ్చింది. మంచు మాత్రం నేను అనుకున్నట్టే ఉంది. దానికి రంగు వెయ్యలేదు. చుట్టూ రంగులద్ది, మంచు ఉన్న చోట కాగితాన్ని వదిలేశారు. ముప్పై నాలుగేళ్ళు సుద్ద రుద్దిన చేతులతో దాని ముందు నిలబడితే సిగ్గేసింది. సంతోషమూ వేసింది.

"మేం దీన్ని ఊకబొమ్మ అనేవాళ్ళం," అన్నారావిడ.

అరవయ్యేళ్ళ కిందటి మాట. జపాను పద్ధతిలో, తాడు పట్టుకుని వరసలుగా వరి నాటడం నేర్పడానికి అమృతలూరు దగ్గర వాళ్ళ ఊరికి ఆ దేశం నుంచే ఒకాయన వచ్చాడు. రెండు పంటకాలాలు వీళ్ళింట్లోనే భోజనం. ముద్దపప్పు ఇష్టంగా తినేవాడు, ఆవకాయ చూస్తే లేచి పెరట్లోకి పోయేవాడు. వెళ్ళిపోయే రోజున గొట్టంలోంచి మూడు కాగితాలు తీసి చాప మీద పక్కపక్కనే పరిచి, ఈ చివర నుంచి ఆ చివరికి వేలు జరుపుతూ ఏదో చెప్పాడు. ఎవరికీ అర్థం కాలేదు. ముగ్గురు ఆడపిల్లలు, మూడు బొమ్మలు. మనిషికొకటి ఇచ్చాడనుకుని వాళ్ళమ్మ పెట్టెలో దాచి, ఒక్కో పిల్లకీ పెళ్ళయినప్పుడు సారెతో పాటు ఒక్కోటి పంపింది.

"ఆ తెల్లటివి ఏంటని ఊళ్ళో పెద్ద చర్చ. మా ఊరి వాళ్ళకి మంచేం తెలుసండీ. రైసుమిల్లు ఊక ఎగిరి పడతా ఉంటే గొడుగులేసుకుని పోతన్నారని తేల్చారు," అని నవ్వారు. కాగితం పసుపుబారి, ఇప్పుడు నిజంగానే ఊక రంగులో ఉంది. "నాకు ఒకటే అర్థం కాదు మాస్టారు. గొడుగు చేతిలో ఉంది. మరి తన నెత్తిన పట్టుకోదేం? జుట్టు నిండా పోసుకుంటంది చూడండి. పిచ్చిదేమో అనుకునేదాన్ని."

నేను చేతి భంగిమ గురించి, అందం గురించి ఏదో చెప్పాను. మాస్టార్లం, తెలియదని చెప్పడం మాకు చేతకాదు.

ఆవిడ బొమ్మను అరచెయ్యంత దూరం నుంచి, తల పక్కకు వంచి చూస్తున్నారు. నీటికాసులట. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోది కూడా రోజురోజుకీ తగ్గుతోందని, ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమని డాక్టరు అన్నాడట. "చూపుండగా ఒక్కసారి మా చెల్లెళ్ళ బొమ్మలు కూడా చూడాలని ఉందండీ. పెళ్ళయి వచ్చేశాక ఆ రెండూ మళ్ళీ సరిగా చూడలేదు. బాపట్ల వసుంధర అడిగితే తెస్తది. రేపల్లె సుగుణ మాత్రం నా గడప తొక్కదు. పదకొండేళ్ళయింది మాట్లాడుకుని."

అడక్కుండానే కారణం చెప్పారు. వాళ్ళమ్మ పెద్దకర్మ రోజున అమ్మ చీరలు ముగ్గురూ పంచుకోవాలి. రేపల్లె రైలు లేటైంది. చుట్టాలంతా తొందర చేస్తున్నారు, వచ్చేస్తుందిలే, కానివ్వమన్నారు. అన్నపూర్ణమ్మ గారు పంచేశారు. సుగుణమ్మ గారు వచ్చేసరికి మంచం మీద ఒక్క చీర మిగిలి ఉంది.

"చీర తీసుకుని భోంచెయ్యకుండా వెళ్ళిపోయింది," అన్నారు. "మీరు ఎట్టాగూ వెళ్తన్నారుగా. ఫోటో అన్నా తీసుకురండి."

తీసుకొస్తానని మాటిచ్చాను. అద్దం మీద బొట్టు తుడవకుండానే ఫోటో తీసుకున్నాను. నాలుగు తీస్తే మూడింట్లో నా బట్టతలే పడింది.

రేపల్లె

తెనాలి నుంచి రేపల్లెకు ప్యాసింజరు. టికెట్టు చవక, టైముకు మాత్రం హామీ లేదు. అరగంట ఆలస్యంగా కదిలింది. నా ఎదుట కూర్చున్న పెద్దాయన, "ఇవాళ తొందరగానే తీశాడండీ," అన్నాడు. రెండు పక్కలా కోసిన వరి మళ్ళు, కుప్పలు, మొదళ్ళ మధ్య చల్లిన మినుము అప్పుడే మొలకెత్తుతూ ఉంది. మా జిల్లాలో వాన పడితేనే పంట. ఇక్కడ కోత కోసిన తడిలోనే రెండో పంట లేస్తుంది. అసూయ పడకుండా చూడటానికి కొంచెం కష్టపడ్డాను.

రేపల్లెలో దిగి నడుస్తుంటే చేపల బజారు దగ్గర ఎడమకాలి చెప్పు తెగింది. ఈడ్చుకుంటూ సుగుణమ్మ గారి ఇల్లు కనుక్కుని, తలుపు కొట్టి, గుమ్మంలో వంగి పట్టీలో పిన్నీసు గుచ్చుతుండగా తలుపు తెరుచుకుంది.

"ఏంటండీ, మా బొమ్మలో దానిలాగా వంగారు?" అంది పైనుంచి ఒక గొంతు.

అలా పరిచయమైంది. సన్నటి మనిషి, మాట కచ్చితం. నన్ను లోపలికి తీసుకెళ్ళి బొమ్మ చూపించారు. చీకటి గదిలో ఉండటం వల్ల రంగులు కొత్తగా ఉన్నాయి. నీలం బట్టల్లో ఒకావిడ నిజంగానే నాలాగే వంగి, చెక్కచెప్పుకు అంటుకున్న మంచు దులుపుకుంటోంది. ఒక చెయ్యి చెప్పు మీద ఉంది. రెండో చెయ్యి ఎడమవైపుకు చాచింది. మణికట్టు దాకా కనబడి, వేళ్ళు ఫ్రేము చెక్క కిందికి పోయాయి. కుడివైపు పైమూల నుంచి ముదురెరుపులో, పుల్లలు పుల్లలుగా, గుండ్రటి అంచుతో ఏదో ఆమె తల మీదికి వచ్చి ఉంది.

"అది చాట," అన్నారు సుగుణమ్మ గారు. "ఎవరో పైనుంచి ఊక చెరుగుతా దీని నెత్తిన పోస్తన్నారు. మా అక్కకేమో గొడుగు పట్టుకునే దొరసాని. చెల్లికి నిలబడి చూసేది. చెప్పులు దులుపుకునేది నా మొహాన."

చూరు కావచ్చునన్నాను. కాదు, చాటేనన్నారు. నాకు గట్టిగా కాదనడానికి ఆధారం లేదు.

మధ్యాహ్నం భోజనం పెట్టారు. చేపల పులుసు, గోంగూర, గడ్డపెరుగు. మా వైపు అతిథికి అన్నం రెండోసారి వడ్డిస్తారు. ఇక్కడ మూడోసారి వద్దన్నా మనసు కష్టపెట్టుకుంటారు. నాలుగోసారి పెరుగన్నం కలుపుకుంటూ, మెల్లగా అక్కగారి కన్ను సంగతి చెప్పాను.

వడ్డిస్తున్న గరిటె ఆగింది. "రెండో కన్ను కూడానా?"

"అవునమ్మా. మూడు బొమ్మలూ చూపుండగా చూడాలంటున్నారు. తెనాలి వస్తే..."

"రానండి." గరిటె గిన్నెలో పెట్టేశారు. "ఫోటో తీసుకోండి. చూపించండి. నేను రాను, పటమూ ఇవ్వను."

కాసేపటికి తనే బీరువా తెరిచి ఒక చీర తీసి నా ముందు పెట్టారు. తేనె రంగు నేత చీర, మడత విప్పినట్టు లేదు. "మిగిలిన చీర. అమ్మ దాన్ని ఎప్పుడూ ఇష్టంగా కట్టలేదు, అందుకే మిగిలింది. నాకు చీరలు లేక కాదండీ. ఒక గంట ఆగలేకపోయింది. నేను రైల్లో భట్టిప్రోలు దగ్గర కూర్చుని ఏడుస్తా ఉన్నాను, అక్కడ పంచేసుకున్నారు."

ఫోటో తీసుకున్నాను. వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, "బజారు మూల చెప్పులు కుట్టేవాడున్నాడు, ఇరవై తీసుకుంటాడు, పాతికంటే ఒప్పుకోకండి," అన్నారు. వాడు పాతికే అడిగాడు. ఇచ్చేశాను.

కర్లపాలెం మీదుగా

రాత్రి రేపల్లెలోనే ఉండి, పొద్దున్నే బాపట్ల బస్సెక్కాను. పక్క సీట్లో అడవులదీవి నుంచి వచ్చిన ఎండుచేపల ఆవిడ. బుట్ట నా కాళ్ళ దగ్గరే పెట్టి, "వాసనొస్తందా అన్నా?" అని అడిగింది. రావడం లేదన్నాను. "అబద్ధాలాడతన్నావు," అని నవ్వి, కర్లపాలెంలో దిగేటప్పుడు పొట్లం కట్టి నాలుగు చేపలు నా సంచిలో పడేసింది. డబ్బులు తీసుకోలేదు. ఆ సంచీ ఇప్పటికీ మా పెరట్లో తీగ మీద ఆరుతూ ఉంది.

దారంతా ఫోనులో రెండు బొమ్మలూ మార్చి మార్చి చూశాను. ఒకదానిలో వెలిసిన గొడుగు, ఇంకోదానిలో ముదురెరుపు చాట. ఒకే చేతిపని అని తెలుస్తోంది, అంతకు మించి ఏమీ తట్టలేదు.

బాపట్ల

చిన్నావిడ వసుంధర గారు నవ్వుమొహం మనిషి. నేను వెళ్ళేసరికి ముందుగదిలో చాప మీద చీరల మూట విప్పి ఉంది. చీరాల వైపు నుంచి వీరాస్వామి అనే ఆయన నెలకోసారి చీరలు తెస్తాడు. సొంత మగ్గం ఉంది. తను నేసినవీ, తోటివాళ్ళు నేసినవీ కలిపి ఇల్లిల్లూ తిరిగి అమ్ముతాడు. వసుంధర గారు కొంటారో లేదో ఆయనకు తెలియదు, ఆయన వెళ్తాడో లేదో ఆవిడకు తెలియదు. ఇద్దరూ తీరిగ్గా టీ తాగుతున్నారు. మా ఊళ్ళో బేరమంటే పోట్లాట. ఇక్కడ అది చుట్టరికంలా సాగుతోంది.

మూడో బొమ్మలో ఆకుపచ్చ బట్టల ఆవిడ ముందుకు నడవబోతూ ఆగి, మెడ తిప్పి వెనక్కి చూస్తోంది. కుడిభుజం ఫ్రేము అంచును తాకుతోంది. "ఇది ఎప్పుడూ భయపడినట్టే ఉంటదండీ. ఊకలో ఒంటరిగా చిక్కుకుపోయి, వెనక ఎవరన్నా వస్తన్నారేమో అని చూస్తన్నట్టు," అన్నారు వసుంధర గారు.

దాన్నీ ఫోటో తీసుకున్నాను. ఫోన్లో బొమ్మలు అన్నపూర్ణమ్మ గారి కంటికి ఆనవని, స్టేషను దగ్గర షాపులో మూడింటికీ కలరు జిరాక్సులు పెద్దవిగా తీయించుకొచ్చాను. వసుంధర గారి చాప మీద పరిచాను. ఎడమవైపు పెద్దావిడది, మధ్యలో నడిమావిడది, కుడివైపు చిన్నావిడది. గొడుగు చాప చివర బయటికి పోయింది. వంగినావిడ చెయ్యి గొడుగావిడ వీపు వైపు ఎందుకో చాచినట్టుంది. వెనక్కి చూసే ఆవిడ గోడకేసి చూస్తోంది. దేనికదే.

"మూడు వేరువేరు బొమ్మలమ్మా," అన్నాను మాస్టారు గొంతుతో.

వీరాస్వామి టీ గ్లాసు పక్కన పెట్టాడు. "కాదండీ. ఒకటే."

"ఎలా చెబుతావు?"

"అంచు చూడండి. పైన నీలం మూడిట్లోనూ ఒకే ఎత్తులో మొదలయ్యి ఒకే చోట ఆగింది. కింద గట్టు దీంట్లో దిగతంది, దాంట్లో ఎక్కతంది. నేసేవోడికి ముందు అంచే కనపడుద్దండి, పువ్వులు తర్వాత. మీరు తిరగేసి పెట్టారు." మోకాళ్ళ మీద ముందుకు జరిగి, ఆ చివరిది ఈ చివరికి, ఈ చివరిది ఆ చివరికి మార్చాడు. "ఇప్పుడు చూడండి."

పెద్దావిడ గొడుగు నడిమావిడ నెత్తి మీదికి వచ్చింది. అది చాట కాదు. గొడుగులో మిగతా సగం.

జపాను రాత కుడినుంచి ఎడమకు నడుస్తుందని ఎప్పుడో చదివాను. బొమ్మల మీద ఆ అక్షరాలు కుడిపక్కనే ఉన్నాయి కూడా. అయినా పెద్దది ముందు, చిన్నది తర్వాత అని ఎడమనుంచి పేర్చుకుంటూ పోయాను. ముప్పై నాలుగేళ్ళ డ్రాయింగు మాస్టరుకు చీరలమ్మే ఆయన పాఠం చెప్పాడు. చెవులు వేడెక్కాయి, కానీ సంతోషం ముందు అదొక లెక్క కాదు.

"మరి దీని చెయ్యి?" అన్నాడు వీరాస్వామి, వంగినావిడ చాచిన చెయ్యి చూపించి. వసుంధర గారే పటం దించి ఇచ్చారు. ఆయన తన కత్తెర మొనతో వెనక మేకులు ఒక్కొక్కటే వంచి, అట్ట తీశాడు. ఫ్రేము చెక్క కింద ఇన్నాళ్ళూ దాగిన వేలెడు కాగితం బయటపడింది. ఎవరూ కోయలేదు, పాపం. ఆకుపచ్చ బట్టల ఆవిడ భుజం మీద నాలుగు వేళ్ళున్నాయి. వంగినావిడ పడిపోకుండా ఆసరాకు పట్టుకున్న వేళ్ళు.

వసుంధర గారు ఆ వేళ్ళ దగ్గర తన వేలు పెట్టారు. "నడిమక్కే," అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత వీరాస్వామి దగ్గర రెండు చీరలు బేరం లేకుండా కొన్నారు.

మధ్యాహ్నం మూడు జిరాక్సులూ సరైన వరసలో పెట్టి ఫోటో తీసి రేపల్లెకు, సుగుణమ్మ గారి కోడలి ఫోనుకు పంపారు. చూసినట్టు ఫోన్లో టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. నన్ను సూర్యలంక తీసుకెళ్ళారు, సముద్రం చూశాం, మొక్కజొన్న పొత్తులు తిన్నాం. ఫోను మోగలేదు. "జిరాక్సు చూపించి సరిపెట్టాలేమో," అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు గానీ, ధైర్యంగా ఊపలేదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు సుగుణమ్మ గారు ఫోన్ చేశారు. పలకరింపులేమీ లేవు. "రేపు పొద్దున రైలుకి పటం తీసుకుని వస్తన్నానని చెప్పు. ఈసారన్నా ఆగుద్దేమో అడుగు," అని పెట్టేశారు.

మళ్ళీ తెనాలి

పొద్దున తొమ్మిదింటికల్లా వసుంధర గారు, నేను, దుప్పటి చుట్టిన పటం తెనాలి చేరాం. గొడుగు ఎవరి మీద పట్టిందో అన్నపూర్ణమ్మ గారికి చెప్పొద్దని దారిలోనే అనుకున్నాం. సుగుణమ్మ గారి మాట మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఆవిడ కుర్చీ మెట్లకు ఎదురుగా వేయించుకుని కూర్చున్నారు.

రేపల్లె రైలు పదిన్నరకు రావాలి. పదిన్నర దాటింది. పదకొండైంది. కొడుకు స్టేషనుకు వెళ్ళి ఫోన్ చేశాడు, వేమూరులో ఆపేశారట.

"ఆపనీ," అన్నారు అన్నపూర్ణమ్మ గారు.

"అక్కా, ఈలోగా మేం పటాలు విప్పి సర్దుతా ఉంటాం. వచ్చేస్తదిగా," అన్నారు వసుంధర గారు.

"వద్దు. ఆ రోజూ ఇదే మాట అన్నారు, వచ్చేస్తదిగా అని."

పన్నెండైంది. వంటింట్లోంచి ముద్దపప్పు, నెయ్యి వాసన. నాకు ఆకలి దంచేస్తోంది. కోడలుగారు వచ్చి మాస్టారికన్నా వడ్డించమంటారా అని అడిగారు. అన్నపూర్ణమ్మ గారు నా వైపు తల తిప్పారు. నాకు ఆకలి లేదని చెప్పాను. ఈ యాత్రలో నేను ఆడిన అబద్ధాల్లో పెద్దది అదే.

పన్నెండుంపావుకు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. సుగుణమ్మ గారు చంకలో చీర చుట్టిన పటంతో గుమ్మంలో నిలబడ్డారు. ఆయాసపడుతున్నారు.

"రైలు లేటు," అన్నారు.

"తెలుసులే. కూర్చో," అన్నారు అన్నపూర్ణమ్మ గారు. "ఎవరం తినలా."

పటం ఒళ్ళో పెట్టుకుని చీర విప్పబోతుంటే పెద్దావిడ చెయ్యి చాచి చీర పట్టుకున్నారు. కంటికి ఆనిందో లేదో గానీ వేళ్ళకు తెలిసింది. "కట్టుకోలేదా?"

"కట్టుకోలేదు."

"తప్పు చేశానే సుగుణా. గంటే కదా. ఆగితే పోయేది."

సుగుణమ్మ గారు లేచి, ఆ తేనె రంగు చీర మడతలు విప్పి మంచం మీద పరిచారు. "దీని మీద పెట్టండి మాస్టారు," అన్నారు.

వీరాస్వామి చేసినట్టే మేకులు వంచి మూడు కాగితాలూ బయటికి తీశాను. కుడిచివర పెద్దావిడది, మధ్యలో నడిమావిడది, ఎడమచివర చిన్నావిడది. అరవయ్యేళ్ళ కిందట ఒకాయన చాప మీద పరిచినట్టే. అన్నపూర్ణమ్మ గారు మంచం పట్టె మీద చెయ్యి ఆనించి, ముక్కు కాగితానికి తగులుతుందేమో అన్నంత దగ్గరగా వంగారు. వేలు కాగితాన్ని తాకకుండా కొంచెం పైన, గొడుగు కర్ర వెంట, పుల్లల వెంట మెల్లగా జరిగింది. తన కాగితం దాటి పక్క కాగితం మీదికి వెళ్ళి, వంగిన ఆవిడ జుట్టు దగ్గర ఆగింది. ఆ జుట్టు మీద ఒక్క తెల్లచుక్క కూడా లేదు.

"పిచ్చిది కాదు," అన్నారు.

"నేను చాట అనుకున్నానక్కా," అన్నారు సుగుణమ్మ గారు.

"ఇదంతా ఊక కాదా మాస్టారూ?"

"కాదమ్మా. మంచు."

"ఏదైతే ఏంటి. దాని మీద పడకుండా పట్టింది."

మూడు గంటల రైలుకు నేను సంచి సర్దుకున్నాను. అప్పటికి భోజనాలయ్యాయి, నాకు నాలుగుసార్లు వడ్డించారు. కాగితాలు మంచం మీద చీరలోనే ఉన్నాయి, అన్నపూర్ణమ్మ గారు వాటి పక్కనే కూర్చుని ఉన్నారు. ఎవరి పటం వాళ్ళకు మళ్ళీ కట్టివ్వాలా అని అడిగాను.

"వద్దండి," అన్నారు సుగుణమ్మ గారు. "మూడూ కలిపి ఒకటే పటం కట్టించి ఇక్కడ పెట్టండి. అక్క చూసుకుంటది."

"ఈ కన్ను కూడా పోయాక?" అన్నారు అన్నపూర్ణమ్మ గారు.

"అప్పుడు నేనొచ్చి చెబుతాలే, ఏది ఎక్కడుందో."

"మరి రైలు లేటైతే?" అని వసుంధర గారు నవ్వారు.

అన్నపూర్ణమ్మ గారు బొమ్మ మీంచి తల ఎత్తలేదు.

"ఆగుతాను," అన్నారు.